రెచ్చగొట్టే ప్రభుత్వం, రెచ్చిపోయే ప్రతిపక్షం

2016 డిసెంబరు 16న పోలెండ్ పార్లమెంటు దిగువసభలో ప్రతిపక్ష ఎంపీలు స్పీకర్ పోడియం చుట్టూ చేరి, కదిలేది లేదని భీష్మించారు. పార్లమెంటులో విలేకరుల రాకపోకలపై అధికార లా అండ్ జస్టిస్ పార్టీ ఆంక్షలు పెట్టబోవడం, దాన్ని నిరసించిన ఒక ఎంపీని స్పీకర్ బయటకు పంపేయడం ఈ గొడవకు మూలం. స్పీకర్ పెద్దగా కంగారు పడలేదు. సమావేశాన్ని మరో హాలుకు మార్చి, అక్కడ చేతులెత్తించి బడ్జెట్ పాస్ చేయించారు. ప్రతిపక్షం మాత్రం ఖాళీ సభలో కూర్చునే క్రిస్మస్ గడిపింది, కొత్త సంవత్సరమూ గడిపింది. సరిగ్గా అప్పుడే ఒక ఫొటో బయటికొచ్చింది. ఈ నిరసనను ముందుండి నడిపిన నాయకుల్లో ఒకరైన రిషార్డ్ పెత్రు, సహచరులు సభలో కూర్చుంటే, తాను విమానమెక్కి పోర్చుగల్ వెళ్లారు.

ఇక చెప్పేదేముంది? విలేకరుల హక్కుల సంగతి పక్కకు పోయి, దేశమంతా ఆ విమాన ప్రయాణం గురించే మాట్లాడుకుంది. నిజానికి విలేకరులపై ఆంక్షల విషయంలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అంటే ప్రతిపక్షం అడిగినదాంట్లో ముఖ్యమైనది సాధించింది. అయినా జనవరి 12న నిరసన విరమించేసరికి ఓడిపోయినవాళ్లలా కనిపించారు. పెత్రు ఆ ఏడాది చివర్లో తన పార్టీ అధ్యక్ష పదవినే పోగొట్టుకున్నారు.

అదే ప్రతిపక్షం 2023 అక్టోబరులో అదే ప్రభుత్వాన్ని గద్దె దించింది. ఈ ఏడేళ్లలో వాళ్లు నేర్చుకున్నదేమిటి? 'ప్రజల గొంతు నేనొక్కడినే' అనే ఇలాంటి పాపులిస్టు ప్రభుత్వాలను ఎదుర్కొన్న మిగతా దేశాల ప్రతిపక్షాలు ఎక్కడ గెలిచాయి, ఎక్కడ బోల్తా పడ్డాయి? వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి మాత్రం గట్టిగా కనిపిస్తుంది. ఈ ప్రభుత్వాలు రోజూ చేసే వంద పనుల్లో దేని మీద పోరాడాలి, దేన్ని వదిలేయాలి అన్నది తేల్చుకోలేని ప్రతిపక్షం ఎంత కష్టపడినా లాభం ఉండదు. తేల్చుకోగలిగితే గెలుస్తుందన్న గ్యారంటీ లేదు గానీ, కనీసం ఆటలో మిగులుతుంది.

మామూలు ఆయుధాలు ఎందుకు పనిచేయవు

ఉచిత పథకాలు పంచినంత మాత్రాన ఏ ప్రభుత్వమూ పాపులిస్టు అయిపోదు. ఆ పని అన్ని పార్టీలూ చేస్తాయి. పాపులిస్టు నాయకుడు చెప్పే కథ వేరు. దేశంలో అసలైన ప్రజలు ఒకవైపు ఉన్నారు, వాళ్లను దోచుకు తింటున్న పెద్దలు ఇంకోవైపు ఉన్నారు, ప్రజల గొంతు నేనొక్కడినే అంటాడు. ఈ కథను జనం నమ్మారంటే, కోర్టు అడ్డొస్తే కోర్టు ప్రజల శత్రువవుతుంది. పత్రిక ప్రశ్నిస్తే పత్రిక శత్రువవుతుంది. ప్రతిపక్షం సంగతి సరేసరి.

మామూలు ప్రభుత్వం మీద ప్రతిపక్షం వాడే ఆయుధాలు అందరికీ తెలిసినవే. ప్రెస్ మీట్, వాకౌట్, ధర్నా, రాజీనామా డిమాండ్. పరువు పోతుందన్న భయం ఉన్న ప్రభుత్వం మీద ఇవి పనిచేస్తాయి. పాపులిస్టు ప్రభుత్వానికి ఆ భయం లేదు. పైగా ప్రతిపక్షం ఎంత గట్టిగా అరిస్తే దానికి అంత లాభం. 'చూశారా, పాత పెద్దలంతా ఒక్కటై నా మీద పడుతున్నారు, మీకోసం పనిచేస్తున్నందుకే ఈ శిక్ష' అని తిప్పి చెప్పడానికి కావలసిన సరుకంతా ప్రతిపక్షమే అందిస్తుంది.

దానికి తోడు వేగం. సోమవారం ఒక బూతు మాట, మంగళవారం ఒక వివాదాస్పద నియామకం, బుధవారం పొరుగు దేశంతో గొడవ. మొదటిదానికి ప్రతిపక్షం ఖండన తయారు చేసేలోపు మూడోది టీవీలో నడుస్తుంటుంది. ఇలా ఆరు నెలలు గడిచాక ప్రతిపక్షం ఏం చెప్పింది అని అడిగితే, దాని సొంత కార్యకర్త కూడా ఒక్క విషయం గుర్తు చేసుకోలేడు. అన్నిటినీ ఖండించారు, అది మాత్రం గుర్తుంటుంది.

కాబట్టి మొదటి పని విడదీయడం. ప్రభుత్వం చేసేవాటిని మూడు రకాలుగా చూడవచ్చు. ప్రభుత్వాన్ని మార్చే దారినే మూసేసే పనులు కొన్ని. జనానికి మంచో చెడో చేసే మామూలు విధానాలు కొన్ని. ఉత్తినే రెచ్చగొట్టడానికి చేసేవి ఇంకొన్ని. వీటిలో ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే వికటిస్తుంది. చిక్కేమిటంటే, అన్నీ కలగలిపి ఒకే గందరగోళంగా కనిపించేలా ప్రభుత్వమే చూసుకుంటుంది.

చప్పగా ఉండేదే ప్రమాదం

మొదటి రకాన్ని గుర్తుపట్టడానికి ఒక ప్రశ్న చాలు. ఈ మార్పు అమల్లోకి వస్తే, జనం కావాలనుకున్నా రేపు ఈ ప్రభుత్వాన్ని దించడం కష్టమవుతుందా? అవుతుందంటే, ఎంత చిన్నదైనా అక్కడ పోరాడి తీరాలి.

హంగరీ సంగతి చూడండి. 2010లో విక్టర్ ఓర్బన్ పార్టీ ఫిదెస్ కూటమికి దాదాపు 53 శాతం ఓట్లొచ్చాయి. 386 సీట్లున్న పార్లమెంటులో 263 దక్కాయి. మూడింట రెండొంతుల మెజారిటీ దాటేసింది. మరుసటి ఏడాది కొత్త రాజ్యాంగం, దాని వెంట కొత్త ఎన్నికల చట్టం వచ్చాయి. సీట్లను 199కి కుదించారు, నియోజకవర్గాల సరిహద్దులు మళ్లీ గీశారు, గెలిచిన పార్టీకే అదనపు లాభం వచ్చేలా ఓట్ల లెక్క మార్చారు. 2014లో ఆ కూటమి ఓట్లు 45 శాతానికి పడిపోయాయి. అంటే ప్రతి నూరుమందిలో ఎనిమిది మంది జారిపోయారు. సీట్లు మాత్రం 133 వచ్చాయి. మళ్లీ మూడింట రెండొంతులే!

నియోజకవర్గాల సరిహద్దుల పట్టిక మీద టీవీ చర్చ పెడితే పది నిమిషాలు కూడా ఎవరూ చూడరు. ఓర్బన్ ఏదైనా ఘాటుగా అంటే మాత్రం వారం రోజులు నడుస్తుంది. ప్రతిపక్షం 2014 నుంచి మూడు ఎన్నికల పాటు మోసిన భారమంతా ఆ చప్పని పట్టికలో ఉంది. ఎన్నికల సంఘం సభ్యుల నియామకం, జడ్జీల రిటైర్మెంటు వయసు, ప్రభుత్వ ప్రకటనల బడ్జెట్, పదవీకాల పరిమితి ఇవన్నీ ఇదే కోవకు చెందుతాయి. వీటికోసం పార్టీలో నలుగురు లాయర్లు, ఇద్దరు లెక్కలు తెలిసినవాళ్లు పగలూ రాత్రీ కూర్చోవాలి. కెమెరాల ముందు అరిచే పది మందికన్నా వీళ్ల అవసరం ఎక్కువని నా అభిప్రాయం. పార్టీలు మాత్రం టికెట్లు ఆ పది మందికే ఇస్తాయి, అది వేరే సంగతి.

ఇలాంటి చప్పని పని ఎంత దూరం పోగలదో కొలంబియా చూపించింది. 2002లో అధ్యక్షుడైన అల్వారో ఉరిబెకు విపరీతమైన జనాదరణ ఉండేది. రాజ్యాంగం మార్పించి 2006లో రెండోసారి గెలిచారు. మూడోసారికి వీలు కల్పించాలంటూ ఆయన మద్దతుదారులు లక్షల సంతకాలు సేకరించి రిఫరెండం బిల్లు తెచ్చారు. రిఫరెండం జరిగితే గెలుపు ఆయనదే అన్నట్టుంది పరిస్థితి. ప్రతిపక్షం వీధుల్లో తలపడి ఉంటే తేలిపోయేది. వాళ్లు చేసింది వేరు. కాంగ్రెస్‌లో చర్చలను సాగదీశారు, ప్రతి అడుగులో నిబంధనల ఉల్లంఘన ఏముందో రాసిపెట్టుకున్నారు. సంతకాల ఉద్యమం ఖర్చు పరిమితి దాటింది. జనం సంతకం పెట్టిన ప్రశ్న ఒకటి, కాంగ్రెస్ ఆమోదించిన ప్రశ్న ఇంకోటి. ప్రత్యేక సమావేశానికి పిలుపునిచ్చే ఉత్తర్వు గెజెట్‌లో అచ్చు కాకముందే సభ మొదలైంది. 2010 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం ఇలాంటి లోపాలనే ఎత్తిచూపి, 7-2 తేడాతో ఆ చట్టాన్ని కొట్టేసింది. ఉరిబె తీర్పును ఒప్పుకుని తప్పుకున్నారు. గెజెట్ తేదీ పట్టుకున్నవాళ్ల పేర్లతో ఎక్కడా నినాదాలు వినిపించి ఉండవు.

కోర్టు స్వతంత్రంగా మిగిలి ఉంది కాబట్టే అది సాధ్యమైందన్న మాట నిజం. అందుకే ఈ పోరాటం మొదటి ఏడాదిలోనే మొదలవ్వాలి. కోర్టులు చేజారాక కోర్టుకెళ్లి ప్రయోజనం ఉండదు.

నచ్చిన పథకాన్ని తిడితే తిట్టు ఎవరికి తగులుతుంది

రెండో రకం మామూలు రాజకీయం. పన్నులు, పింఛన్లు, ఆస్పత్రులు, ధరలు. ఇక్కడ ప్రతిపక్షాలు చేసే పొరపాటు ఒక్కటే. ప్రభుత్వం చెడ్డది కాబట్టి అది చేసిందంతా చెడ్డదే అని తేల్చేయడం.

పోలెండ్‌లో 2016లో ప్రభుత్వం పిల్లలున్న కుటుంబాలకు నెలకు 500 జ్లోటీలు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. ఖజానా దివాలా తీస్తుందని, ఓట్ల కొనుగోలని ప్రతిపక్షంలో చాలామంది తీసిపారేశారు. డబ్బు మాత్రం ప్రతి నెలా ఖాతాలో పడింది. ఆ డబ్బుతో పిల్లాడికి చలికోటు కొన్న తల్లికి 'నీ ఓటు అమ్ముకున్నావు' అన్న మాట ఎలా వినిపిస్తుంది? అదీగాక, ఆ తిట్టేవాళ్లే అధికారంలో ఉండగా, 2012లో, రిటైర్మెంటు వయసును 67కు పెంచే చట్టం చేశారు. లా అండ్ జస్టిస్ పార్టీ వచ్చి దాన్ని తగ్గించింది. పాపులిస్టు ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఎవరో పట్టించుకోని బాధను పట్టుకునే వచ్చాడు. 2019లో ప్రతిపక్షం మళ్లీ ఓడింది.

2023 నాటికి ప్రతిపక్ష నాయకుడు డొనాల్డ్ టస్క్ తీరు మారింది. ఎన్నికల ముందు ప్రభుత్వం ఆ మొత్తాన్ని 800కు పెంచుతామనగానే, ఎన్నికల తర్వాత ఎందుకు, పిల్లల దినోత్సవం నుంచే ఇవ్వండి, ఓటు వేస్తాం అని ఎదురు సవాలు విసిరారు. రిటైర్మెంటు వయసు జోలికి పోమని మాటిచ్చారు. దీన్ని కొందరు దిగజారుడు అన్నారు. నాకలా అనిపించదు. ఓడిన వాదనను ఒప్పుకోవడం వల్ల మిగతా వాదనలను జనం వినే వీలు కలిగింది. వైద్యం, ధరలు, అబార్షన్ చట్టం, యూరోపియన్ యూనియన్ నుంచి ఆగిపోయిన నిధులు ఎన్నికల చర్చకు వచ్చాయి. మంచి బిల్లు వస్తే ఓటు వేయడం, అందులో లోపముంటే సవరణ పెట్టడం వల్ల ప్రతిపక్షానికి పోయేదేమీ లేదు. రేపు 'ఇది ప్రమాదం' అన్నప్పుడు ఆ మాటకు బరువుంటుంది.

అమెరికాలో డెమొక్రాట్లు 2025లో ఈ గీత ఎక్కడ గీయాలో తెలియక ఏడాదంతా తన్నుకులాడారు. మార్చిలో ప్రభుత్వం మూతపడకుండా సెనేట్‌లో వాళ్ల నాయకుడు చక్ షూమర్ ఖర్చుల బిల్లుకు దారిచ్చారు. సొంత పార్టీ వాళ్లే ఆయన్ని ఉతికి ఆరేశారు. అక్టోబరులో అదే పార్టీ గట్టిగా నిలబడటంతో 43 రోజుల పాటు ప్రభుత్వ కార్యాలయాలు మూతపడ్డాయి. అప్పటిదాకా ఆ దేశ చరిత్రలో అదే అతి పొడవైన షట్‌డౌన్. వాళ్లు పెట్టిన షరతు ట్రంప్ తీరు గురించి కాదు, ఆరోగ్య బీమా సబ్సిడీల గడువు పొడిగించాలని. చివరికి అది దక్కలేదు, వాళ్ల పక్షంలోనే ఎనిమిది మంది సెనేటర్లు దిగొచ్చారు. కానీ ఆ నెలన్నర దేశం బీమా ప్రీమియం గురించి మాట్లాడుకుంది. ఏది వాళ్లకు లాభించిందన్నది ఇంకా వాదోపవాదాల్లోనే ఉంది. విషయం ఎంచుకోవడంలో మాత్రం అక్టోబరులో వాళ్ల ఎంపిక సరైనదే.

తిట్టడం మానేసిన ఇస్తాంబుల్

మూడో రకం రెచ్చగొట్టుడు. దీనికి జవాబు చెప్పకపోవడమే జవాబు అని చెప్పడం తేలిక, పాటించడం నరకం. తిట్టు తిన్న నాయకుడు ఊరుకుంటే సొంత కేడరే 'చేవ లేదు' అంటుంది.

నాయకుడి చుట్టూ తిరిగే ప్రచారం ఎలా బెడిసికొడుతుందో 1971లో మనం చూసినదే. ప్రతిపక్షాల మహాకూటమి 'ఇందిరా హటావో' అంది. ఇందిరాగాంధీ 'గరీబీ హటావో' అన్నారు. వాళ్లు నన్ను తొలగించమంటున్నారు, నేను పేదరికాన్ని తొలగించమంటున్నాను అని ఊరూరా చెబితే, ఆమెకు ఇంకో వాదన అవసరం లేకపోయింది. 352 సీట్లు వచ్చాయి.

దీనికి సరిగ్గా ఎదురుగా 2019లో టర్కీలోని ఇస్తాంబుల్ మేయర్ ఎన్నిక నిలుస్తుంది. పాతికేళ్లుగా ఆ నగరం దేశాధ్యక్షుడు ఎర్డోగాన్ శిబిరం చేతుల్లో ఉంది. ఒకప్పుడు ఆయనే అక్కడ మేయర్. ప్రతిపక్ష సీహెచ్‌పీ తరఫున నిలబడిన ఎక్రెమ్ ఇమామొగ్లు అప్పటికి ఒక శివారు జిల్లా మేయర్ మాత్రమే. ఎదురుగా మాజీ ప్రధాని బినాలి యిల్దిరిమ్. సీహెచ్‌పీ తన ప్రచారకులకు పెట్టిన నియమాలు రెండు. ఎర్డోగాన్‌ను పట్టించుకోవద్దు. ఎర్డోగాన్‌ను ప్రేమించేవాళ్లను ప్రేమించండి. మతాచారాలు పాటించేవాళ్లను చిన్నచూపు చూసే పార్టీ అన్న పేరు సీహెచ్‌పీకి దశాబ్దాలుగా ఉంది. ఆ పేరు పోవాలంటే ఇంకో దారి లేదు. ఇమామొగ్లు మసీదులకు వెళ్లారు, ఎర్డోగాన్ ఓటర్లున్న పేటల్లో దుకాణం దుకాణం తిరిగారు, ముఖం తిప్పుకున్నవాళ్లతోనూ చేయి కలిపారు. మార్చి 31న సుమారు 13 వేల ఓట్ల తేడాతో గెలిచారు.

మే 6న ఎన్నికల మండలి ఆ ఫలితాన్ని రద్దు చేసింది. ఇది మొదటి రకం పని, ఓటుకే ఎసరు. ఆ రాత్రి ఇమామొగ్లు జనం ముందుకొచ్చి కోటు తీసేసి, చొక్కా చేతులు మడిచారు. పోరాడతామన్నారు, మళ్లీ ఎన్నికకే వెళదామన్నారు. ప్రచార బస్సు వెంట పరుగెత్తుతూ ఒక పిల్లాడు 'అంతా బాగైపోతుంది, ఎక్రెమ్ అన్నా' అని అరిచిన మాట అప్పటికే జనం నోళ్లలో పడింది. అదే నినాదమైంది. జూన్ 23న మళ్లీ ఓటింగ్ జరిగితే తేడా 13 వేల నుంచి ఎనిమిది లక్షలు దాటింది. మొదటిసారి అవతలి పక్షానికి ఓటేసినవాళ్లు కూడా ఈసారి ఇటు వచ్చారు. వాళ్లను అప్పటిదాకా ఎవరూ తిట్టలేదు కాబట్టి రావడానికి సిగ్గుపడాల్సిన పని లేకపోయింది.

ఆ తర్వాత కథ అంత తీయగా లేదు. 2023 అధ్యక్ష ఎన్నికలో అదే పార్టీ అధినేత కిలిచ్దరొగ్లు రెండో రౌండుకు ముందు శరణార్థుల మీద గొంతు పెంచి, అవతలివాళ్ల భాషలో వాళ్లతోనే పోటీ పడబోయి 52-48 తేడాతో ఓడారు. 2025 మార్చి 19న ఇమామొగ్లును అరెస్టు చేశారు. నాలుగు రోజుల తర్వాత జరగాల్సిన పార్టీ అంతర్గత ఎన్నికను సీహెచ్‌పీ వాయిదా వేయలేదు. సభ్యులు కానివాళ్ల కోసం కూడా బ్యాలెట్ పెట్టెలు పెడితే లక్షల్లో జనం వచ్చి ఓటేశారు. కేవలం ధర్నాతో ఆగకుండా, తమకెంత మంది ఉన్నారో లెక్కపెట్టి చూపించే పని అది.

మైదానం వదిలి పోవద్దు

సభను బహిష్కరించడం, ఎన్నికలను బహిష్కరించడం చూడటానికి త్యాగంలా ఉంటాయి. వెనెజులా ప్రతిపక్షం ఈ త్యాగానికి చెల్లించిన ధర తక్కువేమీ కాదు. 2002 ఏప్రిల్‌లో సైనికాధికారులు అధ్యక్షుడు హ్యూగో చావెజ్‌ను నిర్బంధించి, వ్యాపార సంఘాల నాయకుడు పెద్రో కార్మోనాను అధ్యక్ష పీఠం ఎక్కించారు. ఆయన వచ్చీ రాగానే పార్లమెంటునూ సుప్రీంకోర్టునూ రద్దు చేసేశాడు. రెండు రోజులు తిరిగేసరికి చావెజ్ వెనక్కొచ్చారు. అప్పటిదాకా 'చావెజ్ ప్రజాస్వామ్యానికి ముప్పు' అంటూ వచ్చిన పక్షం, ఇక ఆ మాట అనే హక్కు పోగొట్టుకుంది. ఆ ఏడాది చివర్లో చమురు సంస్థలో సమ్మె చేయించారు. రెండు నెలల తర్వాత సమ్మె చల్లారింది, వేలమంది ఉద్యోగులు ఇంటికి పోయారు, దేశ ఆదాయానికి గుండెకాయ లాంటి సంస్థ పూర్తిగా చావెజ్ చేతికి చిక్కింది. 2005 డిసెంబరులో పార్లమెంటు ఎన్నికలను బహిష్కరించారు. పోలింగ్ 25 శాతం దగ్గర ఆగింది, 167 సీట్లూ చావెజ్ పక్షానికే పోయాయి. ఆ పార్లమెంటే 2007లో ఏడాదిన్నర పాటు డిక్రీలతో పాలించే అధికారం ఆయనకిచ్చింది. అడ్డు చెప్పడానికి సభలో ప్రతిపక్షమే లేదు.

మళ్లీ బ్యాలెట్ దారి పట్టాకే వాళ్లకు ఊపిరి వచ్చింది. 2007 డిసెంబరు రిఫరెండంలో చావెజ్ తొలిసారి ఓడారు. 2015లో ప్రతిపక్షం 112 సీట్లు గెలిచింది. 2024 జూలై 28న అధ్యక్ష ఎన్నికలో మరో మెట్టు ఎక్కారు. ఆ దేశంలో ప్రతి ఓటింగ్ యంత్రం పోలింగ్ ముగిశాక క్యూఆర్ కోడ్‌తో ఫలితాల చీటీ ముద్రిస్తుంది, దాని కాపీ పార్టీ ఏజెంటుకు ఇవ్వాలి. ప్రతిపక్షం దేశమంతా ఏజెంట్లను తయారు చేసి, ఆ చీటీలను దాచి, స్కాన్ చేసి, 80 శాతానికి పైగా బూత్‌లవి ఇంటర్నెట్‌లో పెట్టేసింది. వాటి ప్రకారం ప్రతిపక్ష అభ్యర్థి ఎడ్ముండో గొన్సాలెస్‌కు మూడింట రెండొంతుల ఓట్లు వచ్చాయి. ఎన్నికల సంఘం మాత్రం బూత్‌లవారీ లెక్కలు చూపకుండానే చావెజ్ వారసుడు మదురో గెలిచాడని ప్రకటించింది, 2025 జనవరిలో ఆయన మళ్లీ ప్రమాణం చేశాడు.

మరి ఏం లాభం అనవచ్చు. అప్పటిదాకా అది 'మీ మాట, మా మాట' అన్నట్టుండేది. ఆ చీటీల తర్వాత బుకాయించడానికి వీల్లేని దొంగతనం అయింది. కానీ ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఇరవై ఏళ్లు ఆలస్యమైతే ఎంత మంచి వ్యూహమైనా ఆ మేరకే పనిచేస్తుంది.

పొత్తులు: లెక్కా, మనసూ

అందరూ కలిస్తే గెలుస్తారన్నది ప్రతి ప్రతిపక్షానికీ ఇచ్చే మొదటి సలహా. 2022లో హంగరీలో ఆరు పార్టీలు కలిశాయి. ఒకప్పటి తీవ్ర జాతీయవాద యోబ్బిక్ నుంచి వామపక్షాల దాకా ఒకే జాబితా, ఒకే ప్రధాని అభ్యర్థి, పేతెర్ మార్కి-జాయ్. 106 నియోజకవర్గాల్లో ఒక్కొక్కరే అభ్యర్థి. ప్రభుత్వ టీవీ ఆయనకిచ్చిన సమయం మొత్తం ఐదు నిమిషాలు. ఆ సమయంలోనే పక్కన ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది, వీళ్లొస్తే మనల్ని యుద్ధంలోకి లాగుతారని ఓర్బన్ ప్రచారం హోరెత్తించింది. ఓట్లు 34 శాతం దగ్గర ఆగిపోయాయి. యోబ్బిక్ ఓటర్లలో చాలామంది కూటమి వెంట రానేలేదు. పార్టీల ఆఫీసుల్లో కుదిరిన పొత్తు ఓటరు మనసులో కుదరలేదు.

2023లో పోలెండ్ ప్రతిపక్షం దానికి భిన్నంగా వెళ్లింది. ఎగువసభలో, ఒక్కో నియోజకవర్గానికి ఒక్కరే గెలుస్తారు కాబట్టి, సీట్ల సర్దుబాటు చేసుకుంది. 2019లోనే ఈ పద్ధతితో ఆ సభను గెలుచుకున్న అనుభవం ఉంది. దిగువసభలో ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు వచ్చే దామాషా పద్ధతి ఉంది కాబట్టి మూడు జాబితాలుగా విడివిడిగా పోటీ చేసింది. ప్రభుత్వంతో విసిగినా టస్క్‌కు చచ్చినా ఓటు వేయనివాళ్లు 'మూడో దారి' కూటమికి వేశారు. దానికి 14 శాతం పైగా వచ్చాయి. 74 శాతం పోలింగ్ నమోదైంది. లా అండ్ జస్టిస్ 35 శాతంతో మొదటి స్థానంలో నిలిచినా 194 సీట్లే దక్కాయి, మూడు పక్షాలకు కలిపి 248 వచ్చాయి. ఒకర్నొకరు తిట్టుకోకుండా, గెలిచాక కలుస్తామని ముందే చెప్పి విడిగా పోటీ చేయడం కూడా పొత్తే.

లెక్క చూసుకోకపోతే ఏమవుతుందో 2022 నవంబరులో ఇజ్రాయెల్‌లో నెతన్యాహు వ్యతిరేక శిబిరానికి తెలిసొచ్చింది. సభలో అడుగుపెట్టడానికి 3.25 శాతం ఓట్లు కావాలి. లేబర్ పార్టీతో పొత్తు కుదరని వామపక్ష పార్టీ మెరెట్జ్‌కు 3.16 శాతం వచ్చి ఆగిపోయింది, సీట్లన్నీ గల్లంతయ్యాయి, నెతన్యాహు తిరిగొచ్చారు. బ్రెజిల్‌లో అదే ఏడాది లూలా, 2006లో తన మీద పోటీ చేసిన గెరాల్డో అల్క్‌మిన్‌నే ఉపాధ్యక్ష అభ్యర్థిగా పెట్టుకున్నారు. 50.9 శాతంతో బయటపడ్డారు. అంత సన్నని తేడాలో ఆ నియామకం లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

దించాక

ఇల్లలకగానే పండగ కాదు. 1977లో ఇందిరను ఓడించిన జనతా పార్టీ 295 సీట్లతో వచ్చి, రెండేళ్లు తిరిగేసరికి ముక్కలైంది. 1980లో ఆమె 353 సీట్లతో మళ్లీ గద్దెనెక్కారు. ఇటలీలో బెర్లుస్కోనీని 1996లోనూ 2006లోనూ ఓడించిన రొమానో ప్రోడి ప్రభుత్వాలు రెండూ గడువు తీరకముందే పడిపోయాయి, 1998లోనైతే ఒక్క ఓటు తేడాతో. దించడం కోసం కలిసినవాళ్లకు, దించాక మొదటి ఆరు నెలల్లో ఏం చేయాలో ముందే రాసుకున్న కాగితం లేకపోతే జరిగేది ఇదే.

కాగితంలో రాసుకోవాల్సిన ఇంకో సంగతి ఉంది. పాత ప్రభుత్వం వంచిన వ్యవస్థలను నిటారుగా నిలబెట్టడానికి అడ్డదారి పట్టవచ్చా? టస్క్ ప్రభుత్వం ప్రమాణం చేసిన వారంలోనే, 2023 డిసెంబరు 19న, పాత ప్రభుత్వానికి బాకా ఊదిన ప్రభుత్వ టీవీ యాజమాన్యాన్ని సాంస్కృతిక మంత్రి తొలగించారు. మరుసటి రోజు వార్తా చానల్ ప్రసారం ఆగిపోయింది. అధ్యక్షుడు అవతలి పార్టీ మద్దతుతో గెలిచినవాడు, కొత్త చట్టం తెస్తే వీటో చేస్తాడు. కాబట్టి కంపెనీల చట్టాన్ని వాడుకున్నారు. ఆ టీవీ చేసిన అరాచకం చూసినవాళ్లెవరికీ దాని మీద జాలి కలగదు. అయినా, రేపు అవతలివాళ్లు వచ్చి ఇదే చట్టంతో ఇదే పని చేస్తే వద్దనడానికి మాట మిగలదు. ఎన్నికలకు ముందే ఏ అడ్డదారులు తొక్కబోమో ప్రతిపక్షం చెప్పి ఉంటే, గెలిచాక చేతులు దురదపెట్టినా కొంత ఆపుకునేది.

ఆ వీటో సమస్య 2025 జూన్‌లో ఇంకా బిగిసింది. అధ్యక్ష ఎన్నికలో లా అండ్ జస్టిస్ మద్దతిచ్చిన కరోల్ నవ్రోత్స్కి 50.89 శాతంతో గెలిచారు. సభ్యులంతా హాజరైతే అధ్యక్షుడి వీటోను తోసిపుచ్చడానికి దిగువసభలో 276 ఓట్లు కావాలి. టస్క్ కూటమి 2023లో గెలిచినవే 248. పాత ప్రభుత్వం మార్చిన పద్ధతిలో నియమితులైన జడ్జీలను ఏం చేయాలన్నది ఇక ఆ 28 ఓట్ల దగ్గర ఆగిపోయి ఉంది.